కడప నుంచి తాళ్లపాక దాకా: బ్రౌన్, పోతన, అన్నమయ్యల ఊళ్లలో రెండు రోజులు

కడప స్టేషన్‌లో దిగే యాత్రికుల్లో ఎక్కువమంది గండికోటకో ఒంటిమిట్టకో పోతారు, లేదంటే నేరుగా తిరుపతి బస్సెక్కుతారు. బ్రౌన్ గ్రంథాలయం ఉన్న ఎర్రముక్కపల్లె అని చెప్పి ఆటో ఎక్కేవాళ్లు తక్కువ. తెలుగు పుస్తకం మీద మమకారం ఉన్నవాళ్లకు మాత్రం ఈ యాత్ర అక్కడే మొదలు కావాలి.

బయల్దేరేముందే ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ దారిలో కనిపించేవి ఊళ్లు, గుళ్లు, స్థలాలు. అసలు రాతలు మాత్రం చాలావరకు వేరే చోట్ల ఉన్నాయి. బ్రౌన్ పోగుచేసిన రాతప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల, తిరుపతుల్లో ఉన్నాయి. ఇది తెలియకుండా వచ్చినవాళ్లు "ఇక్కడేముంది చూడ్డానికి" అని పెదవి విరిచి పోతుంటారు. తెలిసి వస్తే, ఏ ఊరి దగ్గర ఎంతసేపు ఉండాలో ముందే తేల్చుకోవచ్చు.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చాడు. బందరు, రాజమండ్రి తిరిగి మళ్లీ కడప చేరి ఇక్కడ బంగళా కొన్నాడు. ఆ ఆవరణలోనే పండితులను, రాయసగాళ్లను (ప్రతులు రాసేవాళ్లను) కూర్చోబెట్టి జీతాలిచ్చి పని చేయించాడు. దాన్నే జనం బ్రౌన్ కాలేజీ అన్నారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనికి పెద్దదిక్కు. పద్ధతి ఇలా ఉండేది: ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు నాలుగు దిక్కుల నుంచీ తెప్పించేవారు. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు తమ చేతిలోని ప్రతితో పోల్చుకునేవారు. తేడా వచ్చిన చోటల్లా గుర్తు పెట్టేవారు. ఆ తర్వాత తప్పులు దిద్దిన ప్రతిని కాగితం మీదికి ఎత్తించి టీక రాయించేవాడు బ్రౌన్. సొంత జీతం చాలక అప్పులు కూడా చేశాడు. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాలు 693. పదేళ్ల తర్వాత 1839 కూర్పులో అవి 1,164 అయ్యాయి. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది.

ఆ బంగళా ఇప్పుడు లేదు. పాడుబడి మొండిగోడలు మిగిలిన ఆ స్థలంలో స్మారక గ్రంథాలయం కట్టాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి, విరాళాల కోసం గడప గడపా ఎక్కి సాధించారు. ఆ గ్రంథాలయమే నేటి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. యోగి వేమన విశ్వవిద్యాలయం దీన్ని నడుపుతోంది. పాత పత్రికలు, తాళపత్రాలు, రాయలసీమ చరిత్ర పుస్తకాలు ఇక్కడ ఉన్నాయి. కడప జిల్లా కైఫియత్తులను, అంటే ఊళ్ల చరిత్రల రాతలను, అచ్చు వేసింది కూడా ఈ సంస్థే. ఊరి పేరు పెట్టి అడిగితే కైఫియత్తుల సంపుటం తీసి చూపిస్తారు. మీ పూర్వీకుల ఊరు ఈ జిల్లాలో ఉంటే, రెండు వందల ఏళ్ల కిందటి కరణాలు చెరువుల గురించి, గుడి మాన్యాల గురించి ఏం రాయించారో అక్కడికక్కడే చదువుకోవచ్చు. ఈ మొత్తం యాత్రలో సమయం ఎక్కువ ఇవ్వాల్సింది ఇక్కడే అని మా గట్టి అభిప్రాయం. కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది ఆదివారమో, పండగ రోజో రావడం. పనిదినం చూసుకుని, వేళలు ముందుగా ఫోన్ చేసి కనుక్కుని, పదిన్నర తర్వాత వెళ్తే ఇబ్బంది ఉండదు. రెండోది, తాళపత్రాలు చేతికిస్తారనుకోవడం. అవి పెళుసుగా ఉంటాయి. పరిశోధన పని మీద వచ్చేవాళ్లు ఫలానా గ్రంథం, ఫలానా అవసరం అని రాసిన ఉత్తరం, గుర్తింపు కార్డు వెంట తెచ్చుకుంటే మాట ముందుకు సాగుతుంది. ఫొటో తీయాలంటే ఒక మాట అడిగి తీయండి. బస్టాండు నుంచి ఆటోలో ఎక్కువ దూరం కాదు. ఎర్రముక్కపల్లె అని ఊరుకోకుండా "బ్రౌన్ లైబ్రరీ" అని చెప్పండి, ఆ పేరే అందరికీ తెలుసు.

సాయంత్రం దేవుని కడప. తిరుమలకు తొలి గడప అని పేరున్న లక్ష్మీవేంకటేశ్వరుని గుడి ఇది. అన్నమయ్య కీర్తనల్లో వచ్చే కడపరాయడు ఈ స్వామే. ఉగాది నాడు ముస్లిములు స్వామి భార్యగా చెప్పే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా తలచి ఈ గుడికి వస్తారు. టెంకాయ, బెల్లం, పూలు పట్టుకుని వరసలో నిలబడతారు. ఆ రోజు తెల్లవారకముందే వెళ్లగలిగితే తప్పక వెళ్లండి. మామూలు రోజుల్లో అరగంట చాలు.

రాత్రి బస కడపలోనే మంచిది. బస్టాండు, ఏడు రోడ్ల చుట్టుపక్కల అన్ని స్థాయిల లాడ్జీలూ ఉన్నాయి. రోడ్డు వైపు గది తీసుకుంటే తెల్లవార్లూ హారన్ల మోతే కాబట్టి లోపలి వైపు గది అడగండి. వేసవిలో ఏసీ లేకుండా వద్దు. కడప రాళ్ల వేడి అర్ధరాత్రికి కూడా దిగదు. డబ్బు కట్టేముందే గదిలోకి వెళ్లి ఏసీ వేయించుకుని పది నిమిషాలు కూర్చోండి. ఒంటిమిట్టలో గుడి దగ్గర వసతి ఉంది గానీ కల్యాణం రోజుల్లో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. రాజంపేట లాడ్జీలు ఒక రాత్రికి సర్దుకుపోవచ్చు. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చినవాళ్లకు కడప లేదా తిరుపతే నయం.

పొద్దున టిఫిన్ కారం దోసె. పెనం మీద దోసె సగం కాలేసరికి ఎండుమిరపకాయ, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ కలిపి నూరిన ఎర్రకారం గరిటెతో పల్చగా పూస్తారు. పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి మడుస్తారు. కారం తట్టుకోలేనివాళ్లు "ఎర్రకారం కొంచెమే" అని పిండి పోయకముందే చెప్పాలి. పూశాక చెప్పి లాభం లేదు.

రెండో రోజు రాజంపేట మీదుగా తిరుపతి పోయే బస్సు ఎక్కండి. ఒంటిమిట్ట కడపకు సుమారు 25 కిలోమీటర్లు. దూరప్రాంత సర్వీసులు కొన్ని అక్కడ ఆపవు కాబట్టి టికెట్ కొట్టించే ముందే కండక్టర్‌ను అడగండి. రైల్లో కూడా పోవచ్చు గానీ చిన్న స్టేషన్లలో ఆగే బండ్లు తక్కువ. ఆ వేళలకు యాత్రను కట్టేస్తే సగం రోజు పోతుంది. నలుగురుంటే కడపలో కారు మాట్లాడుకోవడమే మేలు. మాట్లాడేటప్పుడు ఒంటిమిట్ట, నందలూరు, తాళ్లపాక మూడు పేర్లూ చెప్పి, తాళ్లపాక ఊళ్లోకి వెళ్లాలని విడిగా చెప్పండి. లేదంటే హైవే మీది అన్నమయ్య విగ్రహం దగ్గర బండి ఆపి "తాళ్లపాక ఇదే సార్" అంటారు.

ఒంటిమిట్ట కోదండరామాలయం విజయనగర కాలపు పనితనానికి మంచి సాక్ష్యం. మధ్యరంగ మంటపంలో 32 స్తంభాలు. 17వ శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ గోపురాన్ని చూసి మెచ్చుకుంటూ రాసుకున్నాడు. గర్భగుడిలో ఒకే రాతిలో మలిచిన సీతారామలక్ష్మణులు ఉంటారు, పాదాల దగ్గర హనుమంతుడు ఉండడు. రాముడికి హనుమ ఇంకా పరిచయం కాని కాలం నాటి మూర్తులని స్థలపురాణం. ఆంజనేయుడికి బయట వేరే గుడి ఉంది. ఆవరణకు దగ్గర్లోనే ఇమాంబేగ్ బావి. పిలిస్తే మీ రాముడు పలుకుతాడా అని అడిగిన ఇమాంబేగ్, లోపలి నుంచి "ఓ" అని బదులు విని ఈ బావి తవ్వించాడని చెబుతారు.

సాహిత్యం కోసం వచ్చేవాళ్లు ఇక్కడ తేల్చుకోవాలనుకునేది పోతన సంగతి. భాగవతం పలికించేవాడు రామభద్రుడని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన ఊరుగా చెప్పే ఏకశిలానగరం ఏదన్నదే తగువు. ఒకే రాతి మూర్తులున్న ఈ ఒంటిమిట్టే అది అని ఇక్కడివాళ్ల వాదం. ఓరుగల్లుకే ఆ పేరు, పాలకుర్తి దగ్గరి బమ్మెరే ఆయన సొంత ఊరు అని రెండో పక్షం. ఇంటిపేరును, ఓరుగల్లుకు ఆ పేరు స్థిరపడి ఉండడాన్ని బట్టి మాకు బమ్మెర వాదమే బలంగా కనిపిస్తుంది. అయినా ఈ మూర్తుల ముందు నిలబడి రామభద్రుడి పద్యం చదువుకుంటే ఒంటిమిట్టవాళ్లు ఎందుకంత గట్టిగా పట్టుబడతారో అర్థమవుతుంది.

పోతన మాట ఎలా ఉన్నా, ఈ గుడి వావిలికొలను సుబ్బారావు రుణం ఎన్నటికీ తీర్చుకోలేదు. జమ్మలమడుగులో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసి, వాల్మీకి రామాయణాన్ని తెలుగులోకి తెచ్చి ఆంధ్రవాల్మీకి అనిపించుకున్న మనిషి టెంకాయ చిప్ప చేత పట్టి ఊరూరా బిచ్చమెత్తాడు. ఆ డబ్బుతో ఈ ఆలయాన్ని బాగు చేయించాడు. ఆ చిప్ప మీద శతకం కూడా చెప్పాడు. గైడ్లు ఈయన పేరు ఒక్క ముక్కలో దాటేస్తారు. మీరే అడిగి చెప్పించుకోండి.

ఇక్కడి కల్యాణం చైత్ర పౌర్ణమికి ముందు రోజు రాత్రి, వెన్నెల్లో జరుగుతుంది. అప్పుడు వస్తే ఉత్సవం దక్కుతుంది గానీ శిల్పం చూడ్డం కుదరదు. శిల్పం కావాలనుకుంటే మామూలు రోజు ఉదయం ఎనిమిది లోపే చేరండి. తర్వాత రాతి నేల కాళ్లు కాలుస్తుంది. మధ్యాహ్నం తలుపులు మూసే వేళ ముందే కనుక్కోండి.

నందలూరు సౌమ్యనాథాలయానికి ఒక గంట ఇవ్వండి. చెయ్యేరు పక్కన ఉన్న ఈ పాత గుడికి జనం పెద్దగా రారు, ప్రశాంతంగా ఉంటుంది. పైకప్పులో చెక్కిన చేపను చూడకుండా రావద్దు. వరద నీళ్లు దాన్ని తాకిన రోజు యుగాంతమని ఇక్కడివాళ్లు చెబుతారు. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఈ చెయ్యేటి వెంబడి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లో ఈ యాత్ర పెట్టుకోవద్దు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

రాజంపేట దగ్గర హైవే పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనిపిస్తుంది. ఎక్కువమందికి యాత్ర అక్కడితో సరి. ఫొటోకు పది నిమిషాలు చాలు. తాళ్లపాక ఊరు లోపలికి ఉంటుంది, రాజంపేట నుంచి ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు బండి దొరకడం కష్టం కాబట్టి ఉండి తీసుకెళ్లేలా రానూపోనూ బేరం చేసుకోండి. ఊళ్లో చెన్నకేశవస్వామి గుడి, సిద్ధేశ్వరస్వామి గుడి, తిరుమల తిరుపతి దేవస్థానం కట్టిన ధ్యానమందిరం ఉన్నాయి. గుడి తలుపు వేసి ఉంటే కంగారు పడకుండా పక్కింట్లో అడిగితే అయ్యగారు ఎప్పుడొస్తారో చెబుతారు. 1408లో అన్నమయ్య ఇక్కడే పుట్టాడు. తొలి తెలుగు కవయిత్రిగా చెప్పే తిమ్మక్క ఆయన భార్య. తాళ్లపాక వచ్చి ఆమెను తలచుకోకుండా పోవడం అన్యాయం. పాట వినాలనుకునేవాళ్లు వైశాఖ పౌర్ణమికి జయంతి సమయంలో గానీ, ఫాల్గుణ బహుళ ద్వాదశికి వర్ధంతి సమయంలో గానీ రావాలి. మిగతా రోజుల్లో ఊరు నిశ్శబ్దం. తాగునీళ్లు, తినడానికేదైనా రాజంపేటలోనే తీసుకోండి.

ఇక్కడి నుంచి వెనక్కి కడపకు రావద్దు, తిరుపతికే సాగండి. అన్నమయ్య 32 వేల కీర్తనలు చెప్పాడంటారు. మనకు దక్కినవి 12 వేల పైచిలుకు. ఆ దక్కినవైనా కొడుకు పెద తిరుమలాచార్యుడు రాగిరేకుల మీద చెక్కించబట్టి దక్కాయి. తిరుమలలోని శ్రీవేంకటేశ్వర మ్యూజియంలో కొన్ని రేకులు చూడవచ్చు. అద్దం మీద వెలుతురు పడి అక్షరం మెరిసిపోతే ఒక పక్కకు జరిగి, కాస్త వంగి చూడండి. ఆ లిపి ఇప్పటి తెలుగుకు దగ్గరే, నిదానిస్తే ముక్క ముక్కగా చదవగలరు. ముందుగా పాట మొదట్లో ఉన్న రాగం పేరు వెతకండి. రేకు మీద తాళం ఉండదు, స్వరం ఉండదు. ఇవాళ మనం పాడుకునే వరసల్లో చాలావరకు గత వందేళ్లలో సంగీత విద్వాంసుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు ఆ ఒక్క రాగం పేరునే పట్టుకుని కట్టినవి.