ట్రాక్టరుకు అదనపు బరువు: టైర్లో నీళ్లా, వెనక ఇనుప దిమ్మలా, ముందు ప్లేట్లా?

దుక్కి దున్నే కల్టివేటర్ దించగానే ఇంజను గట్టిగానే లాగుతుంది. వెనక చక్రాలు మాత్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతూ మట్టిని వెనక్కి చిమ్ముతాయి. చాలామంది ముందు ఇంజన్ని అనుమానిస్తారు, తర్వాత టైర్లను తిడతారు. చాలాసార్లు తక్కువైంది చక్రాల మీద బరువు. కంపెనీ ఇచ్చే పుస్తకంలో దీన్నే బ్యాలస్ట్ అంటారు. సరుకు లేకుండా వచ్చే ఓడ ఒరిగిపోకుండా అడుగు ట్యాంకుల్లో నింపుకునే సముద్రపు నీళ్లూ బ్యాలస్టే, రైలు పట్టాల కింద పరిచే కంకరా బ్యాలస్టే. కరెంటు వాళ్లయితే ట్యూబులైటు చోకును కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. అన్నిట్లోనూ పని ఒకటే, అదుపు తప్పకుండా పట్టి ఉంచడం.

ఇక్కడ చూసేది 45 హెచ్‌పీ, రెండు చక్రాల డ్రైవు (ఇంజను వెనక చక్రాలనే తిప్పేది), వెనక 13.6-28 టైర్లున్న (వెడల్పు 13.6, రిమ్ము 28 అంగుళాలు) మామూలు ట్రాక్టరుకు అందుబాటులో ఉన్న మూడు రకాల బరువులు.

దేనికైనా డబ్బు పెట్టేముందు చక్రం ఎంత జారుతోందో కొలవాలి. వెనక టైరు పక్కన సుద్దతో గీత పెట్టండి. దున్నాల్సిన చేలోనే పనిముట్టు ఎత్తి పట్టుకుని చక్రం పది చుట్లు తిరిగేదాకా నడిపి దూరం కొలవండి. ఈ టైరుకు దాదాపు 40 మీటర్లు వస్తుంది. పనిముట్టు దించి, అదే గేరులో మళ్లీ పది చుట్లు తిప్పండి. ఇప్పుడు 35 మీటర్లు వస్తే జారుడు పన్నెండున్నర శాతం. 10 నుంచి 15 శాతం మధ్య ఉంటే బరువు సరిపోయినట్టే, ఏమీ కొనక్కర్లేదు. 30 మీటర్లే వచ్చిందంటే పావు వంతు తిరుగుడు మట్టిలో కలిసిపోతోంది, డీజిలూ టైరు గుబ్బలూ దానితోపాటే. టేపు లేకపోతే అచ్చు చూసినా తెలుస్తుంది. గుబ్బల అచ్చు మొత్తం చెరిగిపోతే బరువు తక్కువ. అచ్చుపోసినట్టు స్పష్టంగా పడితే బరువు ఎక్కువ. అంచుల్లో అచ్చు నిలిచి మధ్యలో మాత్రం చెరిగితే సరిగ్గా ఉంది.

మొదటిది నీళ్లు. మూడింటిలో చవక ఇదే, లాగుడు పనికి మేలైనదీ ఇదే. 13.6-28 టైర్లో ముప్పావు వంతు నింపితే దాదాపు 150 లీటర్లు పడతాయి, అంటే జతకు 300 కేజీలు. ఈ బరువు టైరు అడుగు మీదుగా నేరుగా నేలకు దిగుతుంది కాబట్టి ఇరుసు బేరింగుల మీద భారం పడదు. చక్రాన్ని జాకీతో లేపి, వాల్వు సరిగ్గా పైకి వచ్చేలా తిప్పాలి. ట్రాక్టరు ట్యూబుల్లో ఉండే టీఆర్ 218ఏ వాల్వుకు లోపలి గొట్టం మొత్తం విప్పొచ్చు, రంధ్రం పెద్దదవుతుంది. దానికి గాలి బయటికి పోయే సన్న గొట్టం ఉన్న అడాప్టరు బిగించి, ఎత్తున పెట్టిన డ్రమ్ము నుంచి నీళ్లు వదలాలి. గాలి గొట్టంలోంచి నీళ్లు కారడం మొదలైతే ముప్పావు నిండినట్టు, అక్కడితో ఆపేయాలి. మిగతా పావు వంతులో గాలి ఉండాల్సిందే, టైరుకు స్ప్రింగు అదే. గొంతుదాకా నింపిన టైరు రాయి ఎక్కినప్పుడు లొంగదు, పగులుతుంది. పక్కగోడలు మెత్తగా వంగే రేడియల్ టైరైతే 40 శాతం దాటకూడదు.

నీళ్లు వడకట్టి పోయండి. కాలవ నీళ్లలోని ఇసుక రేణువు వాల్వు పిన్నులో ఇరుక్కుంటే ఆ రోజు నుంచి చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. చలి దేశాల్లో గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడు కలుపుతారు. మన దగ్గర ఆ అవసరం లేదు, పైగా ట్యూబు కారితే ఆ ఉప్పు రిమ్మును తినేస్తుంది. గాలికి చోటు పావు వంతే మిగిలింది కాబట్టి కొంచెం కారినా ఒత్తిడి గబుక్కున పడిపోతుంది. వారానికోసారి చూడాలి, అదీ వాల్వు పైకి ఉన్నప్పుడే. కిందికి ఉంటే గేజీలోకి నీళ్లెక్కుతాయి.

నీళ్ల అసలు చిక్కు తీసేటప్పుడు బయటపడుతుంది. వాల్వు కిందికి తిప్పి పిన్ను తీస్తే అంతా కారిపోతుందనుకుంటారు. వాల్వు ఉండేది రిమ్ము దగ్గర, దాని కింద టైరు పొట్టలో మూడో వంతు, అంటే దాదాపు 50 లీటర్లు అలాగే ఉండిపోతాయి. సన్న గొట్టం అడుగుదాకా దింపి, గాలి పట్టి బయటికి నెట్టాలి. అన్ని పంక్చరు షాపుల్లోనూ ఈ సరంజామా ఉండదు, నింపించే ముందే అడగండి. నీళ్లు తీయకుండా చక్రం విప్పడం మాత్రం వద్దు. అది ఒరిగితే ఇద్దరు మనుషులు ఆపలేరు.

రెండోది వెనక చక్రం డిస్కుకు బోల్టులతో బిగించే పోత ఇనుప దిమ్మలు. ఇవి కూడా బేరింగుల మీద భారం వేయవు, పంక్చరుతో సంబంధం లేదు, గంటలో తీసి పక్కన పెట్టొచ్చు. ధర మాత్రం నీళ్లతో పోల్చే మాటే లేదు. ఒక్కొక్కటి ఒక్కడు ఎత్తగలిగే బరువు కాదు, కాలి మీద పడితే వేళ్లు మిగలవు. బిగించాక మొదటి రోజు పని అయ్యేసరికి బోల్టులు కొంచెం వదులవుతాయి, ఆ సాయంత్రమే మళ్లీ బిగించాలి. వదిలేస్తే డిస్కు రంధ్రాలు కోలగా అరిగిపోతాయి. ఒకే సీజన్లో మెట్ట దుక్కి, వరి దమ్ము (నీళ్ల మడిని బురదగా దున్నడం) రెండూ చేసేవాళ్లకే వీటి ధర గిట్టుతుంది.

ఎందుకంటే దమ్ములో అదనపు బరువు శత్రువే. కేజ్ వీల్స్ (ఇనుప పంజరం చక్రాలు) వేసేది ట్రాక్టరు బురదలో తేలినట్టు నడవడానికి. నీళ్ల టైర్లతో దిగితే చక్రం అడుగున ఉన్న గట్టి పొరను చీల్చుకుని దిగిపోతుంది. ఆ పొర పోతే ట్రాక్టరు కూరుకుపోవడం ఒక్కటే కాదు, మడిలో నీళ్లు నిలవవు. డెల్టా పొలాల్లో ఎక్కువ రోజులు దమ్ము పనే ఉన్న ట్రాక్టరుకు నీళ్లు పట్టించమని ఎవరు చెప్పినా వినకండి.

మూడోది ముందు బ్రాకెట్టుకు వేలాడదీసే ప్లేట్లు. వీటిని లాగుడు కోసం కొంటే డబ్బు దండగ. ముందు ఇరుసుకు రెండడుగుల ముందు 100 కేజీలు వేలాడితే, తక్కెడలో లాగా, వెనక చక్రాల మీద నుంచి 30 కేజీల దాకా తగ్గిపోతుంది. వీటి పని స్టీరింగును నేల మీద ఉంచడం. బ్లేళ్లు తిరుగుతూ మట్టిని చిదిపే రోటవేటర్ ఎత్తి గట్టు దాటుతున్నప్పుడు, రెండు చక్రాల ట్రాలీ నిండా లోడుతో ఎగువకు ఎక్కుతున్నప్పుడు ముందు చక్రాలు తేలి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. అక్కడ ప్లేట్లు ప్రాణం కాపాడతాయి. నేలలో తిరుగుతున్న రోటవేటర్ ట్రాక్టరును తనే ముందుకు నెడుతుంది కాబట్టి దానికి వెనక బరువు అక్కర్లేదు.

కొనేటప్పుడు ప్లేటు మధ్యలో లాకు పిన్ను ఉందో లేదో చూడండి. లేనివి గతుకుల రోడ్డు మీద ఎగిరి బ్రాకెట్టును తినేస్తాయి. అందానికి వేసే రేకు బంపరుకు ప్లేట్లు తగిలించే అంగళ్లున్నాయి, ఒప్పుకోవద్దు. ఛాసిస్‌కు బోల్టులతో పట్టిన పోత బ్రాకెట్టే కావాలి. ముందు టైర్లలో గాలి పుస్తకంలో చెప్పినంతకు పెంచాలి. పని అయ్యాక ప్లేట్లు తీయకపోతే ముందు చక్రం పక్కకు తిరిగే కీలు దగ్గరి కింగ్ పిన్ బుష్‌లు ముందే అరుగుతాయి.

మడ్‌గార్డుల మీద ఇసుక బస్తాలు, గొర్రు మీద మనుషులు కూర్చోవడం ఇంకా కనిపిస్తూనే ఉంది. బస్తాల బరువు బేరింగుల మీదుగానే దిగుతుంది. మనిషి జారితే పడేది గొర్రు కర్రుల కిందే.

కొనే వరస ఇలా పెట్టుకోవచ్చు. మెట్ట దుక్కి, కల్టివేటర్, మట్టిని తిరగేసే ఎంబీ నాగలి ఎక్కువైతే నీళ్లు. ట్రాలీ, రోటవేటర్ ఎక్కువైతే ముందు ప్లేట్లు. రెండు రకాల నేలలూ తిరిగే కిరాయి ట్రాక్టరైతే వెనక దిమ్మలు. బరువు ఎక్కించాక పనిముట్టు తగిలించి ఎత్తిపెట్టి ధర్మకాటా మీదికి తీసుకెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి, మొత్తం ఎక్కించి ఒకసారి తూయించండి. ముందు భాగం మొత్తంలో ఐదో వంతు కన్నా తక్కువ తూగితే ఇంకో రెండు ప్లేట్లు పడాలి. ట్రాలీకైతే ఎన్ని ప్లేట్లు వేసినా కొక్కెం కింది హిచ్‌కే తగిలించాలి. పనిముట్టును పైనుంచి పట్టే టాప్ లింకు దగ్గర కట్టి లాగిన బండి ముందు లేచి వెనక్కి తిరగబడటానికి సెకనున్నర చాలు, క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు.