ఐపీ67 స్పీకర్, ఐపీఎక్స్4 ఇయర్‌బడ్స్: రెండేళ్ల హైదరాబాద్ వాడకం తర్వాత

ఒక బ్లూటూత్ స్పీకర్, ఒక జత ఇయర్‌బడ్స్, రెండూ కొని రెండేళ్లు దాటింది. కంపెనీల పేర్లు చెప్పను, ఎందుకంటే నేను రాస్తున్నది దుమ్ముని, నీళ్లని వస్తువు ఎంత తట్టుకుంటుందో చెబుతూ డబ్బా మీద ఉండే ఆ ఐపీ నంబర్ మన ఊళ్లో ఎంతవరకు పనికొస్తుందన్నదాని గురించి. నా లెక్కలో సగం వరకే.

ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. మొదటి అంకె చోట ఎక్స్ ఉంటే దుమ్ము సంగతి కంపెనీ ఏమీ చెప్పలేదన్నమాట, అంతేగానీ దుమ్ము దూరిపోతుందని కాదు. నీళ్ల వైపు 4 అంటే ఎటునుంచి చిందినా పర్వాలేదు, 5 అంటే నిమిషానికి 12.5 లీటర్ల ధార తట్టుకుంటుంది, 6 అయితే 100 లీటర్లు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. చాలామందికి తెలియనిది ఏంటంటే, 7 వచ్చినంత మాత్రాన 5, 6 కూడా పాసైనట్టు కాదు. మునగడం వేరు, పైపుతో కొట్టడం వేరు, రెండూ పాసైన వస్తువుకి రెండు నంబర్లూ వేస్తారు. నా స్పీకర్‌కి 67 ఒక్కటే ఉంది (అందులో 6 దుమ్ముకి, 7 నీళ్లకి) కాబట్టి బకెట్లో పడితే కంగారు పడను కానీ, మేడ కడిగేటప్పుడు పైపు దాని దగ్గరికి రానివ్వను.

వాన విషయంలో స్పీకర్‌కి వంక పెట్టేదేం లేదు. బాల్కనీలో తడిసిన ప్రతిసారీ కాసేపు జలుబు చేసినట్టు మూగగా పలుకుతుంది, బట్ట జాలీలో నీళ్లు నిలవడం వల్ల. రెండు చివర్లా బేస్‌కి అదిరే రబ్బరు పొరలుంటాయి కదా, తీన్మార్ పెట్టగానే వాటి అంచుల్లో ఉన్న నీళ్లు చిటపటా ఎగిరి పడతాయి, కాసేపట్లో గొంతు వచ్చేస్తుంది. అసలు చూసుకోవాల్సింది ఛార్జింగ్ పోర్టు మీది రబ్బరు మూత. దాని అంచులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా 67కి అర్థం లేదు, అందుకే మూసే ముందు వేలితో ఒకసారి తుడుస్తాను, పోర్టు తడిగా ఉన్నంతసేపు ఛార్జింగ్ పెట్టను.

ఇంకో సంగతి, పరీక్ష చేసేది కొత్త పీసు మీద, మంచినీళ్లతో, వస్తువూ నీళ్లూ దాదాపు ఒకే వేడిలో ఉండగా. ఉప్పు, సబ్బు, క్లోరిన్, గీజర్ ఆవిరి, ఇవేవీ అందులో లేవు. మే నెలలో కారు డిక్కీలో కాగిన స్పీకర్‌ని శామీర్‌పేట వైపు ఏదో రిసార్టుకి వెళ్లి నేరుగా పూల్లో వేశారనుకోండి, లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి సంకోచిస్తుంది, సందు ఉంటే నీళ్లని లోపలికి లాగేస్తుంది. సూర్యలంక బీచ్ నుంచి వచ్చాక నేను మూత గట్టిగా మూసి, మామూలు నీళ్లు నెమ్మదిగా పోసి ఉప్పంతా కడిగేశాను. కడగకుండా వదిలేసిన మా ఫ్రెండ్ స్పీకర్ కొన్నాళ్లకి ఛార్జ్ అవ్వడం మానేసింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే లిక్విడ్ డ్యామేజ్, వారంటీ వర్తించదన్నారు. డబ్బా మీద నీళ్లలో తేలే బొమ్మ వేసి అమ్మేది వాళ్లే మరి! కొనే ముందు వారంటీ కాగితంలో నీళ్ల గురించి ఏం రాశారో చదవండి, నంబర్ కన్నా అది ముఖ్యం.

బడ్స్ కథ వేరు. కేబీఆర్ పార్కు చుట్టూ నడుస్తుంటే సగంలో వాన అందుకున్నా అవి ఆగలేదు, చెమటకీ ఆగలేదు. కానీ ఐపీఎక్స్4 అన్నది బడ్స్‌కే, కేసుకి ఏ రేటింగూ లేదు, ఆ ముక్క మాన్యువల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. చెమట బడ్స్ తుడవకుండా కేసులో పెడుతూ పోతే లోపలి ఛార్జింగ్ పిన్నులకి పచ్చగా చిలుము పడుతుంది. నా కేసులో ఎడమ వైపు పిన్ను అలాగే అయింది, ఇప్పుడు ఆ బడ్‌ని రెండుసార్లు నొక్కి పెడితేగానీ ఛార్జ్ ఎక్కదు. దానికి తోడు మా ఏరియా బోరు నీళ్లు, తడి చేత్తో ముట్టుకుంటే చాలు, ఆరాక జాలీ మీద తెల్లటి పొర. మెత్తటి పొడి బ్రష్‌తో అప్పుడప్పుడు దులుపుతాను, లేకపోతే వాల్యూమ్ పడిపోతుంది.

ఈసారి బడ్స్ కొంటే ఐపీ55 చూస్తాను, మన రోడ్ల దుమ్ముకి ఆ మొదటి 5 కావాలి, కేసుకి కూడా రేటింగ్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది. స్పీకర్ మార్చే ఆలోచన లేదు. బ్యాటరీ మునుపటిలా రావట్లేదు, సాయంత్రం మొదలుపెడితే భోజనాల టైముకే ఎర్ర లైటు వస్తోంది, దానికి కారణం వయసు, నీళ్లు కాదు.