గర్భసంచి ఉంచుకోవాలంటే: మాత్రలా, లూపా?

గర్భసంచి లోపలి పొరలోనే ఉన్న గ్రేడ్ 1 (నెమ్మదిగా పెరిగే రకం) క్యాన్సర్ అయి, ఎంఆర్ఐలో కండరంలోకి పాకలేదని తేలితే, పిల్లలు కావాలనుకునేవారికి గర్భసంచి తీసే ఆపరేషన్ వాయిదా వేసి ప్రొజెస్టిన్‌ అనే హార్మోన్ మందుతో వైద్యం చేస్తారు.

మెజెస్ట్రాల్ అనే ప్రొజెస్టిన్ మాత్రలు రోజూ మరవకుండా మింగాలి. మందు ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి ఆకలి, బరువు పెరుగుతాయి. రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంది. అసలే అధిక బరువు ఈ జబ్బుకు ఒక కారణం, అదే ఇక్కడ ఇబ్బంది.

52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ (ఇదీ ఒక ప్రొజెస్టినే) ఉన్న లూప్‌ను గర్భసంచిలో అమరుస్తారు; అది మందును నేరుగా లోపలి పొరకే అందిస్తుంది. మొదటి నెలల్లో అప్పుడప్పుడు రక్తపు మరకలు కనిపించొచ్చు. బరువు ఎక్కువున్నవారికి నా మొగ్గు లూప్‌కే. కొందరు డాక్టర్లు రెండూ కలిపి ఇస్తారు.

ఏది ఎంచుకున్నా 3–6 నెలలకోసారి బయాప్సీ (లోపలి పొర ముక్క తీసి పరీక్షించడం) తప్పదు. జబ్బు పూర్తిగా తగ్గాక లూప్ తీయించి, ఆలస్యం చేయకుండా గర్భానికి ప్రయత్నించాలి. తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి, కాన్పులయ్యాక గర్భసంచి తీయించుకోమంటారు.