ఒసాకాలో గుంత పొంగనాల పెనం

జపాన్‌లోని ఒసాకాలో మూడు రాత్రులు ఉన్నాం. కోట చూశాం, కాళ్లు నొప్పులు పుట్టేదాకా తిరిగాం. అయినా ట్రిప్ ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది తలుపు కూడా లేని ఓ చిన్న కొట్టు. గోడకు ఒక కిటికీ, లోపల ఒక పెద్దావిడ, ఆవిడ ముందు గుంతల పెనం. అంతే కొట్టు.

ఆ ఊరు వెళ్తే టకోయాకి తినాల్సిందే అంటారు. ఆక్టోపస్ ముక్క పెట్టి గుంతల పెనంలో కాల్చే పిండి ఉండలు అవి. టకో అంటే ఆక్టోపస్. 1935లో ఈ ఊళ్లోనే ఎండో తొమెకిచి అనే ఆయన దీన్ని మొదలుపెట్టారట. అంతకుముందు ఇలాంటి ఉండల్లో గొడ్డుమాంసం పెట్టి అమ్మేవాళ్లు.

మొదటి రోజు అందరిలాగే దోతోన్‌బోరి అనే తిండి కొట్ల వీధికి వెళ్లాం. పరిగెత్తే మనిషి బొమ్మున్న పెద్ద ప్రకటన బోర్డు దగ్గర ఫొటో దిగి, పెద్ద పేరున్న ఒక కొట్టు ముందు నలభై నిమిషాలు లైన్లో నిలబడ్డాం. తీరా చేతికొచ్చినవి చల్లారిపోయిన ఉండలు. జనం ఎక్కువ కదా, ముందే చేసి పెట్టేసుకుంటున్నారు. మేడ మీద కూర్చుని తిన్నాం కాబట్టి పన్ను 10 శాతం. పట్టుకెళ్తే 8 శాతమే. 2019 అక్టోబరు నుంచి ఆ దేశంలో ఇదే లెక్క. రెండు శాతం గురించి బాధ లేదు, చల్లారిన తిండికే నా బాధంతా.

మర్నాడు నిప్పొన్‌బాషిలో మెట్రో ఎక్కి తెన్‌జిన్‌బాషిసుజి రోకుచోమెలో దిగాం. అక్కడ మొదలయ్యే బజారు 2.6 కిలోమీటర్ల పొడవు, దాదాపు అంతటికీ పైకప్పు ఉంది. వానలో కూడా గొడుగు పెద్దగా తియ్యక్కర్లేదు. ధరలు మాకు దోతోన్‌బోరి కన్నా తక్కువే అనిపించాయి. బజారు పక్క సందులో కనిపించింది ఆ కిటికీ.

మాది కడప. గుంత పొంగనాల పెనం నాకు కొత్తేం కాదు. కానీ మన పిండి గట్టిగా ఉంటుంది, ఒక్కసారి తిరగేస్తే పనైపోతుంది. ఈవిడ పిండి మజ్జిగంత పలచన. గుంతలు నిండి పొర్లిపోయేలా పోసింది. ఆక్టోపస్ ముక్కలు, ఎర్రటి అల్లం ఊరగాయ తరుగు, ఉల్లికాడలు చల్లింది. పెనమంతా ఒకటే అట్టు అయిపోయిందే అనుకుంటుంటే, సూదిలాంటి పుల్లతో గీతలు గీసి, పొర్లిన పిండిని ఏ గుంతది ఆ గుంతలోకి దోపింది. తర్వాత ఒక్కోదాన్నీ కాస్త కాస్తగా తిప్పుతూ పోయింది. చూస్తుండగానే గుండ్రటి ఉండలు. చేతి వంక చూడను కూడా చూడట్లేదు, మాతో నవ్వుతూ ఏదో చెప్తోంది.

ఎనిమిదింటికి 500 యెన్లు, మన డబ్బుల్లో సుమారు మూడొందలు. పడవ ఆకారంలో ఉన్న పలచటి చెక్క దొన్నెలో పెట్టి, సాస్ పూసి, పైన కాగితంలా పలచటి ఎండుచేప పొరలు చల్లింది. ఆ ఆవిరికి అవి మెలికలు తిరుగుతుంటే మా ఆవిడ రెండడుగులు వెనక్కేసి, “ఏమండీ, అవి కదులుతున్నాయి!” అంది. తను గుడ్డు వరకే. ఆక్టోపస్ లేకుండా చేయించుకోవచ్చు కదా అనుకోకండి, పిండి కలిపేది కూడా చేప కాచిన నీళ్లతోనే. శాకాహారులు దీని మీద ఆశ వదులుకోవాల్సిందే. తను నాలుగు కొట్ల అవతల ఎర్ర చిక్కుళ్ల పూర్ణం పెట్టిన బిళ్ల కేక్ ఒకటి కొనుక్కుంది. బూరె లోపలి పూర్ణంలాగే ఉందట, తీపి మాత్రం తక్కువట.

నేనేమో ఆత్రంగా ఒక ఉండ మొత్తం నోట్లో పెట్టుకున్నాను. పైన చర్మంలా పలచటి కరకర, లోపల కాగిన జావ. నాలుక కాలి కళ్లనీళ్లు తిరిగాయి. పెద్దావిడ పుల్లతో పొడిచి ఆవిరి వదిలి, ఊదుకుని తినాలని సైగలతో చూపించింది. రెండోది అలా తిన్నాక తెలిసింది ఈ ఊళ్లో ఇంత పేరెందుకో. మధ్యలో ఆక్టోపస్ ముక్క గట్టిగా పంటి కిందకొస్తుంది, చుట్టూ అంతా కరిగిపోతుంది.

వెళ్లేవాళ్లు చిల్లర నాణేలు ఉంచుకోండి, అక్కడ కార్డు తీసుకోలేదు. నడుస్తూ తినకండి. వీధిలో చెత్తబుట్ట తేలిగ్గా దొరకదు, దొన్నె ఆ కిటికీలోనే తిరిగిచ్చేస్తే సరి.

నంబాలో దిగిన హోటల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరిచే చోటు లేదు, సిగరెట్ వాసన లేని గది అడిగితే వాసన ఉన్నదే ఇచ్చారు. స్టేషన్‌కు దగ్గర, అదొక్కటే సుఖం.

ఇంటికొచ్చాక మా పొంగనాల పెనంలో ప్రయత్నించాను, ఆక్టోపస్ బదులు పనీర్ ముక్కలతో. ఒక్కటీ తిరగలేదు, అన్నీ అడుగంటాయి. అమ్మ వచ్చి గరిటెతో గీకుతూ, “పిండి ఇంత జారుగా కలిపితే ఎట్లొస్తాయిరా?” అంది.