పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్ ప్యాకేజీ కొంటున్నారా? ముందు డొమైన్ ఎవరి అకౌంట్‌లో ఉంటుందో అడగండి

కొత్తగా ఫ్రీలాన్సింగ్‌లోకి దిగుతున్న డిజైనర్లు, అనువాదకులు, వీడియో ఎడిటర్లే గురిగా అమ్ముతున్న "పోర్ట్‌ఫోలియో ప్యాకేజీ"ల గురించి ఈ హెచ్చరిక. వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టా యాడ్స్‌లో తిరిగే ఆఫర్లన్నీ ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి: డొమైన్ (సైటు అడ్రస్‌గా వాడే పేరు) ఫ్రీ, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే సర్వర్‌లో చోటు) ఫ్రీ, ఐదు పేజీల సైటు, లైఫ్‌టైమ్ సపోర్ట్, గూగుల్‌లో ఫస్ట్ పేజీ గ్యారంటీ. డబ్బు కట్టాక సైటు నిజంగానే లైవ్ అవుతుంది, చూడ్డానికీ బాగానే ఉంటుంది. అందుకే మొదటి ఏడాది ఎవరూ నోరెత్తరు. గొడవంతా రెండో ఏడాది రెన్యువల్ మెసేజ్‌తో మొదలవుతుంది.

జరిగేది ఇది. ఆ "ఫ్రీ" డొమైన్‌ని అమ్మినవాళ్లు తమ రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మి, నమోదు చేసే కంపెనీ) అకౌంట్‌లో, తమ మెయిల్ ఐడీతో కొంటారు. డాట్ కామ్ ఏడాదికి వెయ్యి రూపాయలు, కొంచెం అటూ ఇటూ. ఏడాది తిరిగేసరికి డొమైన్, హోస్టింగ్, "సెక్యూరిటీ", "ఎస్ఎస్ఎల్" (సైటుకీ చూసేవాళ్లకీ మధ్య సమాచారం భద్రంగా వెళ్లేందుకు పెట్టే సర్టిఫికెట్) అన్నీ కలిపి ఆరు వేలో, పది వేలో అడుగుతారు. కట్టకపోతే సైటు ఆగిపోతుంది. వేరే చోటికి మార్చుకుంటాం, ట్రాన్స్‌ఫర్ కోడ్ (డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్‌కి మార్చడానికి కావలసిన రహస్య కోడ్) ఇవ్వమంటే ఇవ్వరు. ఇల్లు మీరు కట్టించుకున్నారు, స్థలం దస్తావేజు మాత్రం వాళ్ల బీరువాలో ఉంది.

డాట్ కామ్ లాంటి డొమైన్లకు ఐకాన్ (ICANN, ప్రపంచమంతటా డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే సంస్థ) నియమాలున్నాయి. డొమైన్ హోల్డర్ అడిగిన ఐదు రోజుల్లోగా రిజిస్ట్రార్ ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇచ్చి తీరాలి. కానీ అడిగే హక్కు రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వాళ్లదే. పేరు మీది కానప్పుడు ఐకాన్‌కి ఫిర్యాదు చేసినా ఫలితం ఉండదు. మొత్తం మోసం ఈ ఒక్క సందులోంచే నడుస్తోంది.

"లుకప్.ఐకాన్.ఆర్గ్‌లో చూసుకోండి, మీ పేరు మీదే ఉంది" అని కొందరు దబాయిస్తారు. అది డొమైన్ వివరాలు వెతికే ఐకాన్ సైటు. అక్కడ యజమాని పేరు చాలావరకు ప్రైవసీ కింద దాచేసి ఉంటుంది కాబట్టి దాంతో ఏదీ తేలదు. పనికొచ్చేవి మూడే: రిజిస్ట్రార్ ఎవరు, ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుంది. అసలు పరీక్ష వేరే ఉంది. ఆ రిజిస్ట్రార్ సైటులో మీ సొంత మెయిల్ ఐడీతో మీరే లాగిన్ అయినప్పుడు డొమైన్ కనిపించాలి. కనిపించకపోతే అది మీది కాదు, ఎవరెన్ని స్క్రీన్‌షాట్లు పంపినా సరే.

కాబట్టి డొమైన్ మీరే కొనండి. పది నిమిషాల పని. మీ మెయిల్, మీ ఫోన్ నంబర్, మీ కార్డు లేదా యూపీఐ. నేమ్ సర్వర్లు గానీ, "A" రికార్డు గానీ (డొమైన్‌ని సైటు ఉన్న సర్వర్‌కి కలిపే సెట్టింగులు) మార్చాల్సి వస్తే ఏం మార్చాలో సైటు చేసేవాళ్లని చెప్పమనండి, మీరే మార్చండి. పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. ఇంకో మాట: 99 రూపాయల మొదటి ఏడాది ఆఫర్ చూసి మురిసిపోకండి, అదే పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే రెన్యువల్ ధర చూడండి.

ఇక ఎస్ఎస్ఎల్ కోసం విడిగా రెండు వేలు అడిగితే అక్కడే అనుమానించండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, గడువు తీరకముందే దానంతటదే రెన్యూ అయ్యేలా చాలా హోస్టింగుల్లో ముందే అమర్చి ఉంటుంది. పోర్ట్‌ఫోలియోకి అంతకు మించి అవసరం లేదు.

రెండో గొయ్యి థీమ్, అంటే సైటు రూపాన్ని ఇచ్చే రెడీమేడ్ డిజైన్. డబ్బు పెట్టి కొనాల్సిన వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) థీముల్నీ, అదనపు సౌకర్యాలిచ్చే ప్లగిన్లనీ లైసెన్స్ తీసేసిన "నల్డ్" కాపీలుగా దించి పెడతారు. వాటికి అప్‌డేట్లు రావు, చాలావాటిలో ఎవరో దూర్చిన కోడ్ ఉంటుంది. థీమ్ ఫోల్డర్‌లోని ఫంక్షన్స్.పీహెచ్‌పీ (functions.php) ఫైల్ తెరిచి చూడండి. ఈవాల్ (eval), బేస్64 డీకోడ్ (base64_decode) అన్న మాటల పక్కన అర్థంపర్థం లేని పొడవాటి అక్షరాల గుట్ట కనిపిస్తే సైటు ఇంకొకరి చేతిలో ఉందనుకోవచ్చు. ఫైళ్లు చూడ్డం రాకపోతే గూగుల్‌లో "సైట్" అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు టైప్ చేయండి. మీరు పెట్టని జపనీస్ పేజీలు గానీ, మందుల ప్రకటనలు గానీ వస్తే సైటు హ్యాక్ అయినట్టే. క్లయింటు మీ పేరు వెతికితే కనిపించేదీ అదే. థీమ్ కొన్న రసీదు లేదా లైసెన్స్ కీ మీ పేరు మీద ఇమ్మని ముందే అడగండి. వర్డ్‌ప్రెస్ సొంత డైరెక్టరీలోని ఉచిత థీమ్ వాడినా పోర్ట్‌ఫోలియోకి ఏ లోటూ రాదు.

కాంటాక్ట్ ఫారమ్ సంగతి ఎవరూ చూసుకోరు, నష్టం ఎక్కువ జరిగేది మాత్రం అక్కడే. కొన్నిట్లో ఫారమ్ మెయిల్ అమ్మినవాళ్ల ఐడీకే పోతుంటుంది, అంటే మీకు రావలసిన ఎంక్వైరీలు వాళ్ల దగ్గర పోగవుతాయి. ఇంకొన్నిట్లో దురుద్దేశం ఉండదు, పని సగంలో వదిలేస్తారు: ఎస్ఎంటీపీ (మెయిల్ ఖాతాతో లాగిన్ అయి మెయిల్ పంపే పద్ధతి) పెట్టకుండా సర్వర్ నుంచే నేరుగా మెయిల్ పంపిస్తారు, ఎస్పీఎఫ్ రికార్డు (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే సెట్టింగు) ఉండదు, జీమెయిల్ దాన్ని స్పామ్‌లో పడేస్తుంది. చివరి వాయిదా కట్టేముందు వేరే ఫోన్ నుంచి, వేరే మెయిల్ ఐడీతో ఫారమ్ నింపి పంపండి. ఇన్‌బాక్స్‌లోకే రావాలి, రిప్లై కొడితే నింపినవాళ్లకే వెళ్లాలి.

తెలుగులో పనిచేసే అనువాదకులు, డీటీపీవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చకుండా సైటులో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్తగా కనిపిస్తుంది. ఆ తలనొప్పి ఎందుకని పేజీ మొత్తాన్ని బొమ్మగా చేసి పెట్టేస్తారు. అలా పెడితే గూగుల్ వెతుకులాటలో మీ తెలుగు నమూనాలు దొరకడం కష్టం, ఫోన్‌లో చదవడానికీ ఇబ్బందే. పరీక్ష తేలిక: సైటులో ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు అక్షరాలే వస్తే సరే. ఫాంట్ కోసం డబ్బు అడిగితే నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి ఉచితమేనని చెప్పండి.

గూగుల్‌లో ఫస్ట్ ర్యాంక్ ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సొంత సూచనల్లోనే రాసింది. మీ పూర్తి పేరు కొడితే మీ సైటు పైన రావడం గొప్ప కాదు, ఆ పేరుతో పోటీ ఉండదు కదా! అదే చూపించి "ర్యాంక్ వచ్చింది" అంటారు. సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్ వెతుకులాటలో మీ సైటు ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సాధనం) ఓనర్‌గా మీ ఐడీ ఉండేలా చూసుకోండి, అంతకు మించి ఎస్ఈఓ (వెతుకులాటలో సైటుని పైకి తెచ్చే పని) పేరుతో ఈ దశలో ఖర్చు దండగ.

డెమోలోని బొమ్మల్ని "మీ వర్క్స్" కింద వదిలేయడం, లేని క్లయింట్ల పేరుతో ఐదు నక్షత్రాల మెచ్చుకోళ్లు రాయడం కూడా ప్యాకేజీలో భాగమే. వెంటనే తీయించండి. క్లయింటు ఒక బొమ్మని గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే లోగో ఎన్నో సైటుల్లో కనిపిస్తుంది. సోర్స్ ఫైల్ అడిగితే మీ దగ్గర ఉండదు. నాలుగైదు సొంత పనులు చాలు. ఒక్కోదాని కింద క్లయింటు ఏం కావాలన్నారు, మీరు ఏం చేశారు, చివరికి ఏం తేలింది అని మూడు నాలుగు వాక్యాలు రాయండి. ఇంకా క్లయింట్లు లేకపోతే "సాధన కోసం చేసినది" అని స్పష్టంగా పెట్టి చూపించండి, అందులో తప్పేం లేదు.

జీఎస్టీ పేరుతో 18 శాతం కలిపి అడిగితే బిల్లులో ఉన్న పదిహేను అక్షరాల జీఎస్టీ నంబర్‌ని జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. హైదరాబాద్ ఆఫీసంటూ వేరే కోడ్ కనిపించినా, నంబరే లేకుండా జీఎస్టీ వేసినా అక్కడే ఆగండి. డబ్బు మూడు వాయిదాల్లో ఇవ్వండి: మొదట 30 శాతం, మీ డొమైన్ మీద సైటు తెరుచుకున్నాక 40, హోస్టింగ్ లాగిన్, వర్డ్‌ప్రెస్ అడ్మిన్, పూర్తి బ్యాకప్ ఫైలు చేతికొచ్చాక మిగతాది. "మా పాలసీ పూర్తి అడ్వాన్స్" అంటే వదిలేయండి. అసలు ప్యాకేజీయే అక్కర్లేదనుకుంటే గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత హోస్టింగ్‌లో మీరు కొన్న డొమైన్‌తోనే సైటు పెట్టుకోవచ్చు, సైటు ఒక జీబీ దాటకపోతే చాలు.

ఇప్పటికే చిక్కుకున్నవాళ్లు గొడవకు దిగే ముందే, సైటు ఇంకా తెరుచుకుంటుండగానే, ప్రతి పేజీలోని మేటరూ బొమ్మలూ దించుకోండి. తర్వాత మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి: అదే రిజిస్ట్రార్ దగ్గర అకౌంట్ తెరిచి, డొమైన్‌ని దాంట్లోకి మార్చమనండి. ఇలా చేస్తే సాధారణంగా ట్రాన్స్‌ఫర్ కోడ్ అక్కర్లేదు. వేరే రిజిస్ట్రార్‌కి మార్చాలంటే మాత్రం కొన్న మొదటి అరవై రోజుల్లో సాధారణంగా కుదరదు. ససేమిరా అంటే చాట్లు, యూపీఐ రిఫరెన్స్ నంబర్, బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. డబ్బు తీసుకుని అసలు సైటే ఇవ్వకుండా మాయమైతే అది సైబర్ మోసం, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

గడువు దాటిన డాట్ కామ్ వెంటనే బయటికి రాదు. రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకు గ్రేస్, ఆ తర్వాత 30 రోజులు అదనపు ఫీజుతో తిరిగి తీసుకునే వీలు, చివర 5 రోజులు డిలీట్ కోసం ఎదురుచూపు. ఆ పైన ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈలోగా ఆ డొమైన్‌తో ఉన్న మెయిల్ ఐడీని బ్యాంకు, పేమెంట్ అకౌంట్లు, ఫ్రీలాన్స్ ప్రొఫైళ్లు, అన్ని లాగిన్లలోంచీ తీసేయండి. డొమైన్ ఇంకొకరి చేతికి వెళ్లిందంటే ఆ ఐడీకి వచ్చే పాస్‌వర్డ్ రీసెట్ లింకులూ ఓటీపీలూ వాళ్లకే వెళ్తాయి.