హనుమకొండలో మా చెల్లె అండాశయాన్ని కాపాడిన నర్సింగ్ హోం

రాత్రి పదకొండింటికి మా చెల్లెకు కుడివైపు పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు. పరకాలలో ఒకచోట గ్యాస్ అని సూది వేసి పంపించారు. తెల్లారకముందే హనుమకొండ చౌరస్తా దగ్గరికి తీసుకొచ్చాం. అపెండిక్స్ అని మేం టెన్షన్ పడుతుంటే, డాక్టరమ్మ ప్రెగ్నెన్సీ టెస్ట్, రక్తప్రసరణ చూపించే డాప్లర్ స్కాన్ చేయించి, అండాశయం మెలి తిరిగినట్టుందన్నారు. "రక్తం పారుతున్నట్టు కనిపించినా నమ్మలేమమ్మా, ఆలస్యమైతే అండాశయం దక్కదు" అని విడమరిచి చెప్పారు. లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చూస్తే తిత్తి లేదు, గడ్డ లేదు. అండాశయాన్ని పట్టి ఉంచే లిగమెంటే పుట్టుకతో పొడవట, అది చాలా అరుదట. నల్లబడిందని తీసెయ్యలేదు! మెలి విప్పి, మళ్లీ తిరగకుండా కుట్టారు. ఆమెకింకా పెళ్లి కాలేదు, అండాశయం దక్కిందని విని అమ్మ ఏడ్చేసింది. లిఫ్టు మాత్రం లేదు, స్ట్రెచర్ మెట్లమీద మోశాం.