ఏడు రోడ్ల కాడ జిరాక్స్ షాపు: లెక్కల పీడీఎఫ్ ఉంటే ఇక్కడికే పోండి

ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు కోసినానో కింద చెప్తా.

కడపలో ఏడు రోడ్ల సర్కిల్ నుంచి రొంత లోపలికి పోతే ఉండాది ఈ షాపు, బండి పెట్టుకోను జాగా లేదు, సాయంత్రం ఆరు దాటినాక ఐతే అసలు పోవాకండి, పిల్లోళ్ళ రికార్డులు ప్రాజెక్టులు అన్నీ ఆ టైముకే వచ్చి పడతాయి. నేను ఇంటర్ పిల్లోళ్ళకి లెక్కలు చెప్తా, ఎమ్మెస్సీ అయిపోయి చానా ఏండ్లైనా కొత్త పేపర్ ఏదైనా వచ్చిందంటే చదవాలని ఒక పిచ్చి, ఫోన్లో చదివితే కండ్లు పోతాండాయి, పక్కన పెన్సిల్‌తో గీసుకోను కుదరదు, అందుకే ప్రింట్.

నేను తీసుకుపోయింది 127 పేజీల పీడీఎఫ్. 2025 ఫిబ్రవరిలో హాంగ్ వాంగ్, జాషువా జాల్ అని ఇద్దరు ఆన్‌లైన్‌లో పెట్టినారు, కకేయా కంజెక్చర్ (కంజెక్చర్ అంటే నిజమే అనుకుంటారు గానీ ప్రూఫ్ ఉండని మాట) మూడు డైమెన్షన్లలో నిజమే అని ప్రూఫ్. దీన్నే ముందు ఇంకో చోట ఇచ్చినా, పేరొద్దులే. వాట్సాప్‌లో పంపమన్నాడు, ఏదో యాప్‌లో ఓపెన్ చేసి టకటకా కొట్టేసినాడు, ఇంటికొచ్చి చూస్తే డెల్టా అనే గ్రీకు అక్షరం ఉండాల్సిన చోటల్లా చిన్న చిన్న డబ్బాలు. ఆ పేపర్ అంతా సన్నటి గొట్టాల లెక్కే, గొట్టం ఎంత లావు అనేదే డెల్టా, అది పోయినాక ఇంకేం చదువుతాం? పోయి అడిగితే "మా కాడ ఇట్లే వస్చాది సార్" అన్నాడు. డబ్బులు హుష్ కాకి.

ఈ షాపాయన అట్ల కాదు. పెన్‌డ్రైవ్ తీసుకుని మొదట రెండు పేజీలే కొట్టి చేతికిచ్చినాడు, "గుర్తులన్నీ వచ్చినాయా చూసుకో సార్, సరే అంటే మిగతావి వదుల్తా". నాలుగు స్టార్లలో మూడు ఆ ఒక్క మాటకే.

మిషన్ తిరుగుతాంటే అడిగినాడు, ఏంది సార్ ఇది, థీసిసా? కాదన్నా అని చెప్పబోయి నేనే ఇరుక్కున్నా. కౌంటర్ మీద ఒక రీఫిల్ ఉంటే తీసి పెట్టి, దీన్ని టేబుల్ మీంచి లేపకుండా అటు మొన ఇటు, ఇటు మొన అటు వచ్చేట్టు తిప్పాలి, ఎంత జాగా కావాల, తక్కువలో తక్కువ? అన్నా. జపాన్‌లో కకేయా అని లెక్కలాయన 1917లో అడిగిన ప్రశ్న ఇదే. షాపాయన రీఫిల్‌ని గిర్రున తిప్పి గుండ్రం చూపించినాడు. రీఫిల్ పొడవు ఒకటి అనుకుంటే ఆ గుండ్రం ఏరియా 0.785. ఒకటి ఎత్తుండే సమబాహు త్రిభుజంలో ఐతే 0.577 లోనే తిప్పేయొచ్చు. సరిగ్గా అప్పుడే బయట సందులో ఒక ఆటో తిప్పుకుంటాండాడు, ముందుకి, వెనక్కి, మళ్ళా ముందుకి. అదిగో అన్నా అట్ల తిప్పితే ఇంకా తగ్గుతుంది అన్నా. మూడు మూలలు లాగినట్టు లోపలికి వంగిన ఒక ఆకారం ఉండాది, డెల్టాయిడ్ అంటారు, అందులో 0.393, అంటే గుండ్రంలో సరిగ్గా సగం. ఇంతకంటే తగ్గదులే అనుకున్నారు అప్పట్లో చానామంది.

అప్పుడాయన ఒక మాటన్నాడు చూడండి, నేను క్లాసులో వాడుకుంటాండా ఇప్పుడు. "ఏడు దిక్కులకి ఏడు రోడ్లేస్తేనే ఇంత జాగా పట్టింది సర్కిల్, అన్ని దిక్కులకీ రోడ్డంటే ఊరు చాలదు కద సార్?" ప్రశ్నంటే ఇదీ. ప్రతి దిక్కుకీ ఒక గీత, నిండుగా ఒక మీటర్ పొడవుండే గీత అనుకోండి, ఒక్క దిక్కు కూడా తప్పకుండా ఉండాల, అన్నీ కలిపి ఎంత జాగా? జవాబేమంటే సున్నా కూడా చేయొచ్చు. సున్నా! రష్యాలో బెసికోవిచ్ అని ఒకాయన 1919లోనే చేసి చూపించినాడు, అప్పుడు అక్కడ అంతర్యుద్ధం, బయటి కబురే లేదు, కకేయా అడిగినాడనే సంగతే ఆయనకి తెలీదు, ఆయన వేరే ఇంటిగ్రేషన్ లెక్క కోసం చేసుకున్నాడు. తర్వాత 1928లో సూది సంగతీ, అంటే మన రీఫిల్ తిప్పే ప్రశ్న, తేల్చేసినాడు. సూదిని నిజంగా కదిలించి తిప్పాలంటే మాత్రం సున్నాలో కుదరదు, కానీ మీరు ఎంత చిన్న ఏరియా చెప్పినా దానికంటే తక్కువలో తిప్పొచ్చు.

అన్న నమ్మలా. నేనైనా మొదటిసారి నమ్మలేదులే. అప్పుడు కటింగ్ మిషన్ కాడుండే పిల్లోన్ని పిలిచినా, తమ్ముడూ ఆ వేస్ట్ లామినేషన్ షీట్ ఒకటి త్రిభుజంగా కోసియ్యి అని. కోసిచ్చినాడు. కింద భుజాన్ని ఎనిమిది సమాన ముక్కలుగా గుర్తు పెట్టి, పై కొన నుంచి ఒక్కో గుర్తుకి కోయించినా, ఎనిమిది సన్నటి చీలికలొచ్చినాయి, నిమ్మకాయ బద్దల మాదిరి పైన మొన, కింద రొంత వెడల్పు. ఇప్పుడు వాటిని తిప్పకుండా, ఊరికే పక్కకి జరుపుతా పోవాల, పక్కనుండే ముక్క మీదికి ఎక్కేట్టు. తిప్పలేదు కాబట్టి ఒక్క దిక్కు కూడా పోలా, త్రిభుజంలో ఏ వాలులో గీతలుండాయో అన్నీ అట్లే ఉండాయి. జాగా మాత్రం తగ్గిపోయింది, కింద అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, పైన వేళ్ళు విచ్చినట్టు మొనలు అటూ ఇటూ చీలినాయి. పిల్లోడే అన్నాడు, "అన్నా ఇంకా సన్నగా కోస్తే ఇంకా తగ్గుతుందా?" అదే రా కిటుకు! పదహారు, ముప్పైరెండు, అట్ల కోసుకుంటా సరిగ్గా జరుపుకుంటా పోతే ఎంత కావాలంటే అంత తగ్గించొచ్చు. సమబాహు త్రిభుజంలో 60 డిగ్రీల దిక్కులొస్తాయి, అట్లాంటివి మూడు పెట్టుకుంటే మొత్తం దిక్కులన్నీ వచ్చేసినట్టే. ఈలోపల ఒకామె ఆధార్ జిరాక్స్ కోసం వచ్చి మా ముగ్గురినీ పిచ్చోళ్ళని చూసినట్టు చూసింది, అన్న ఆమెకి రెండు కాపీలు కొట్టిచ్చి మళ్ళా వచ్చి నిలబడినాడు.

ఏరియా సున్నా అంటే ఇంక 127 పేజీలు ఎందుకు సార్ అన్నాడు. కరెక్ట్ ప్రశ్న. సున్నా ఏరియా అంటే సన్నది అని కాదు. గ్రాఫ్ పేపర్ మీద పెట్టి ఎన్ని గళ్ళు తాకుతాయో లెక్కబెట్టు, తర్వాత గళ్ళని పదో వంతు సైజు చెయ్యి. ఒట్టి గీత ఐతే గళ్ళ లెక్క పది రెట్లవుతుంది, కాగితమంతా నిండితే వంద రెట్లు. ఈ బెసికోవిచ్ గీతల కుప్ప ఉందే, ఏరియా సున్నా అయినా గళ్ళు ఎంత సన్నం చేస్తే అంతగా ఆ వందకి దగ్గరగానే పెరుగుతుంది, అంటే డైమెన్షన్ నిండుగా 2. కాగితం మీద ఈ సంగతి రాయ్ డేవీస్ 1971లో తేల్చినాడు. గదిలో, అంటే మూడు డైమెన్షన్లలో, అన్ని దిక్కులకీ గీతలుండే ఏ కుప్పకైనా వెయ్యి రెట్లు రావాల, కకేయా కంజెక్చర్ అంటే ఇదే. 1995లో టామ్ వోల్ఫ్ కనీసం రెండున్నర డైమెన్షన్ ఉంటుందని చూపించినాడు, మన గళ్ళ లెక్కలో 316 రెట్లు. అక్కడి నుంచి కొసరు కొసరుగా జరిపినారు తప్ప మూడుకి చేరను ముప్పై ఏండ్లు పట్టింది. మధ్యలో 2008లో జీవ్ ద్వీర్ ఫైనైట్ ఫీల్డ్స్‌లో (అంకెలు కొన్నే ఉండే లెక్కల లోకం) ఇదే ప్రశ్నని పాలినామియల్స్‌తో కొద్ది పేజీల్లో తేల్చిపారేసినాడు, ఆ పేపర్ ఐతే టీ డబ్బులతో జిరాక్స్ అయిపోతుంది. ఈ గీతల పిచ్చి ఊరికే కాదు, అలలన్నీ ఒక్కోటి ఒక్కో దిక్కుకి పోయే సన్న గొట్టాల మాదిరి విడదీసి చూస్తారు ఫోరియర్ అనాలిసిస్‌లో, అవి ఒకచోట ఎంత గుమికూడతాయనేదే తలనొప్పి. ఇదంతా అన్నకి చెప్పలేదు, వెనకాల నలుగురు నిలబడినారు.

రేటు: పేజీకి రూపాయి, 127, స్పైరల్ 40, మొత్తం 167. రెండు పక్కలా కొట్టినాడు, 64 షీట్లు. పేపర్ మందంగా ఉండాది, వెనక పక్క అక్షరాలు ఇటు కనపడవు. ఫోన్‌పే బాక్సు గట్టిగా అరుస్తాది, అది తగ్గిస్తే బాగుంటుంది.

ఇప్పుడు కోసిన స్టార్ సంగతి. ఇంటికి తెచ్చుకుని రాత్రి చదువుతాంటే 40వ పేజీ దాటినాక ఒక్క ముక్క అర్థం కాలా. ఏదో మాట చెప్పకుండానే వాడేసినారే అని అరగంట నా బుర్రనే తిట్టుకున్నా, ముసలోడినైపోయినా, టచ్ పోయింది అని. తర్వాత కిందికి చూస్తే పేజీ నంబర్ 42. స్పైరల్ వేసేటప్పుడు ఆ షీటు తిరగబడింది, 40 తర్వాత 42, ఆమీట 41. మరుసటి రోజు తీసుకుపోతే పిల్లోడు స్ప్రింగ్ విప్పి రెండు నిమిషాల్లో సరిచేసిచ్చినాడు, పైసా తీసుకోలా. సరిచేసినాక అర్థమైందా అంటే, అది వేరే సంగతి.

ఆ ఎనిమిది చీలికలు ఇప్పటికీ కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నాడు అన్న, పోయినోళ్ళు చూడండి. నాలుగు డైమెన్షన్లు, ఆ పైన ఇంకా ఎవరూ తేల్చలా. తేల్చిన రోజు ఆ పీడీఎఫ్ కూడా ఇక్కడికే తెస్తా, ఎన్ని పేజీలుంటే అన్నీ. బల్క్ రేటు ముప్పావలా వేసుకుంటా అన్నాడు, ఇక్కడ రాసి పెడుతున్నా, తర్వాత మాట మార్చకుండా.